పగడాలా, మునిగిన ఓడలా? బెజవాడ, గుంటూరు నుంచి డైవింగ్‌కి వెళ్ళేవాళ్ళకి నా సలహా

మొన్న ఆఫీసులో లంచ్ టైమ్‌లో మా టీమ్ కుర్రాళ్ళిద్దరు ఫోన్ పట్టుకుని వచ్చి, "అక్కా, స్కూబాకి వెళ్దామనుకుంటున్నాం, పగడాలు చూస్తే బావుంటుందా, మునిగిపోయిన ఓడ చూస్తే బావుంటుందా?" అని అడిగారు. ఫోన్‌లో ఒక రీల్, ఎవడో ఓడ కిటికీలోంచి దూరి అటు తేలుతున్నాడు, వెనకాల బీజీఎమ్ ఒకటి. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటూ, ముందు ఏ నెలలో సెలవు దొరుకుతుందో చెప్పండి, తర్వాత ఇప్పటిదాకా ఎన్ని డైవ్‌లు చేశారో చెప్పండి అన్నా. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఒక్కటీ చెయ్యలేదు, ఒకడికైతే ఈత కూడా అంతంత మాత్రం.

ఎవరు అడిగినా నేను ఈ రెండే అడుగుతా. ఫొటోలో ఏది బాగుందో చూసి బుక్ చేసుకున్నవాళ్ళు డబ్బులు కట్టి మరీ బురద నీళ్ళు చూసి వచ్చారు, నాకు తెలిసినవాళ్ళే ముగ్గురున్నారు. నేను ఆరేళ్ళుగా అండమాన్‌లోని హేవ్‌లాక్, శ్రీలంక రెండువైపులా, ఒకసారి గోవా కలిపి నలభై పైచిలుకు డైవ్‌లు చేశా, ఎక్స్‌పర్ట్‌ని కాదు గానీ ఎక్కడ తప్పు చేస్తామో మాత్రం బాగా తెలుసు ఎందుకంటే అవన్నీ నేనే చేశా కాబట్టి.

ముందు రెండూ ఎలా ఉంటాయో చెప్తా. పగడాల డైవ్ అంటే సాయంత్రం బీసెంట్ రోడ్డులో నడుచుకుంటూ వెళ్ళినట్టు, ఎటు చూసినా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. అయిదారు మీటర్ల లోతులోనే ఎండ నేలదాకా పడుతుంది, చేపలు గుంపులు గుంపులుగా మీ మాస్క్ ముందునుంచే పోతాయి, మిమ్మల్ని పట్టించుకోవు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది చిలక చేప. దాని ముక్కు నిజంగానే చిలక ముక్కులా ఉంటుంది, దాంతో పగడాన్ని కొరుకుతుంటే కరకరమని మనకి వినిపిస్తుంది, పక్కన ఎవరో కూర్చుని జంతికలు తింటున్నట్టే. కాసేపయ్యాక వెనకనుంచి తెల్లటి ఇసక వదుల్తుంది. బీచ్‌లో మనం కాళ్ళు పెట్టి మురిసిపోయే తెల్ల ఇసకలో చాలా భాగం అదే అని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్తే మా ఆయన ఆ రోజంతా చెప్పులు విప్పలేదు.

ఓడ డైవ్ అలా కాదు. తాడు పట్టుకుని కిందకి దిగుతుంటారు, కింద ఏమీ కనపడదు, నీలం, ఇంకా నీలం, ముక్కు నొక్కుకుని చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటూ ఇంకో రెండు మీటర్లు దిగేసరికి కింద ఒక నల్లటి ఆకారం, అది కొండో ఓడో తెలీదు. నా మొదటి ఓడ శ్రీలంకలో హిక్కడువ దగ్గర కాంచ్ అనే ఆయిల్ ట్యాంకర్, 1903లో మునిగింది, కింది భాగం 20 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంత పెద్ద బాయిలర్లు అలాగే పడున్నాయి, వాటి చుట్టూ చేపలు గుమిగూడి ఉన్నాయి, ఇనుప రేకుల మీద మెత్తటి పగడాలు మొలిచాయి. కానీ నాకు ముందు తట్టింది అందం కాదండీ, ఇందులో మనుషులు పనిచేశారు కదా, ఇక్కడ ఎవడో నుంచుని టీ తాగుంటాడు కదా అని. పగడాల దగ్గర ఆ ఫీలింగ్ రమ్మన్నా రాదు. అందుకే ఓడ పిచ్చి పట్టినవాళ్ళకి ఇంకేదీ ఆనదు, చరిత్ర అంటే ఆసక్తి లేనివాళ్ళకి మాత్రం అది తుప్పు పట్టిన ఇనప సామాను, అంతే.

ఇక లెక్క చూద్దాం. ప్రతి 10 మీటర్లకీ ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర పైనున్నదానికి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. మీ సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) నింపారనుకోండి, అంటే 2200 లీటర్ల గాలి. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్లలో 40 లీటర్లు పీలుస్తాడు, 30 మీటర్లలో 80. అంటే 10 మీటర్ల దగ్గర 55 నిమిషాలు వచ్చే సిలిండర్ 30 దగ్గర అరగంట కూడా రాదు, అదీ రిజర్వ్‌కి 50 బార్ ఉంచకుండా లెక్కేస్తే. పైగా కొత్తవాళ్ళు టెన్షన్‌లో నిమిషానికి 20 ఎక్కడ, 30 లాగేస్తారు, నేనూ లాగా. గాలి ఉన్నా సరే ఎక్కువసేపు ఉండకూడదు, పాడి (PADI, డైవింగ్ కోర్సులు నడిపే సంస్థ) టేబుల్ ప్రకారం ఆ రోజు మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే.

మంచి పగడాలు ఎండ పడే చోటే ఉంటాయి కాబట్టి 5 నుంచి 15 మీటర్లలో హాయిగా చూడొచ్చు. ఓడలు ఎక్కడ మునిగితే అక్కడ ఉంటాయి, మన సర్టిఫికెట్ చూసి మునగవు కదా. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేస్తే 18 మీటర్లదాకా, అడ్వాన్స్‌డ్ చేస్తే 30 దాకా, ఏ కోర్సూ లేకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే ట్రయల్ డైవ్ అయితే 12 మీటర్లు. అంటే చాలా ఓడలు మొదటి ట్రిప్‌లో మన లిస్టులోనే ఉండవు. ఆరునెలలు డబ్బులు దాచుకుని వెళ్ళి అక్కడ దిగాక, మీకు పర్మిషన్ లేదమ్మా అంటే ఎంత ఏడుపొస్తుందో.

లేదా ఇంకా ఘోరం, పర్మిషన్ లేకపోయినా తీసుకెళ్తారు. నాకు జరిగింది అదే. ఎక్కడో, ఎవరో చెప్పను, ఒక సెంటర్‌వాళ్ళు నా పదకొండో డైవ్‌లోనే "ఏం పర్లేదు మేడమ్, ఇటునుంచి దూరి అటు వచ్చేయడమే" అని ఓడ లోపలికి తీసుకెళ్ళారు. గైడ్ ముందు, నేను వెనక, నా వెనక ఇంకొకాయన. ఆయన ఫిన్స్ (కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కలు) సైకిల్ తొక్కినట్టు కిందకి కొట్టాడు, అంతే, లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న ఒండ్రు మొత్తం లేచింది. ప్రకాశం బ్యారేజీకి వరదొచ్చినప్పుడు నీళ్ళ రంగు చూశారా, అచ్చం అదే, నా చెయ్యి నాకు కనపడలేదు. పట్టుమని పదిహేను సెకన్లు ఉంటుందేమో, గైడ్ టార్చ్ వెలుగు మసగ్గా కనపడింది, అటే పాక్కుంటూ వెళ్ళి బయటపడ్డా. పైకొచ్చాక గేజ్ చూసుకుంటే ఆ కాసేపట్లో 30 బార్ పోయింది. పగడాల దగ్గర భయమేస్తే మెల్లగా పైకి వెళ్ళిపోవచ్చు, ఓడ లోపల తల మీద ఇనప కప్పు ఉంటుంది, పైకి అనేదే లేదు. అందుకని ఓడ లోపలికి వెళ్ళడం అనేది దానికి విడిగా ట్రైనింగ్ తీసుకున్నాకే, అదీ వెలుగు కనపడేంతవరకే. బయటనుంచి చుట్టూ తిరిగి చూడ్డానికే డైవ్ మొత్తం సరిపోతుంది, నమ్మండి. జాలర్ల వలలు కూడా ఓడలకి చిక్కుకుని వేలాడుతుంటాయి కాబట్టి గైడ్ దగ్గర కత్తో కటరో ఉందా అని అడగండి, రేకులు గీసుకుంటాయి కాబట్టి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి.

అలాగని పగడాలు కొత్తవాళ్ళని క్షమిస్తాయా అంటే, మనకేం కాదు, వాటికే అవుతుంది. పగడం రాయి కాదు, చెట్టు కాదు, ప్రాణి. కొమ్మల్లా ఉండే రకాలైతే కాస్త త్వరగా పెరుగుతాయి గానీ గుండుల్లా ఉండే రకం ఏడాదికి ఒక సెంటీమీటర్ చుట్టుపక్కలే. నీళ్ళల్లో నిలకడగా తేలడం రాకుండా వెళ్ళి ఒక్క ఫిన్ తగిలిస్తే మనం పుట్టకముందునుంచీ పెరిగినది పుటుక్కున విరుగుతుంది. అందుకే మొదటి అయిదారు డైవ్‌లు ఇసక మీద, పగడాల పక్కన చేయించే సెంటర్ మంచి సెంటర్ అని నా లెక్క, మొదటి రోజే పగడాల మీద మోకాళ్ళు ఆనించి ఫొటో తీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఇంకోటి, ఉంగరానికి పెట్టే ఎర్ర పగడం వేరు, ఇవి వేరు. కుజదోషానికి పనికొస్తుందని అండమాన్ నుంచి ఒక ముక్క తెమ్మన్న మా పిన్నిలాంటివాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు, ఈ రాతి పగడాలకి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, బ్యాగ్‌లో చచ్చిన ముక్క దొరికినా కేసే.

సరే ఎక్కడికి, ఎప్పుడు. చాలామంది ముందు అడిగేది, మనకి సూర్యలంక ఉంది, మంగినపూడి ఉంది, అంతదూరం ఎందుకు అని. కృష్ణా గోదావరి రెండూ మోసుకొచ్చే ఒండ్రంతా మన తీరంలోనే కలుస్తుంది, పగడాలకి తేట నీళ్ళు, ఎండ కావాలి, అందుకే మన దగ్గర అవి లేవు. మన పొలాలకి వరం, వాటికి శాపం.

అందరికంటే చవగ్గా వెళ్ళొచ్చేది గోవా. అమరావతి ఎక్స్‌ప్రెస్ బెజవాడలోనో గుంటూరులోనో ఎక్కి పడుకుంటే తిన్నగా వాస్కోలో దిగొచ్చు. గ్రాండే ఐలాండ్ దగ్గర సూజీస్ రెక్ అని లోతు తక్కువలోనే ఒక మునిగిన ఓడ ఉంది, కొత్తవాళ్ళు కూడా చూడొచ్చు. కానీ నీళ్ళు తేటగా ఉండవు, నేను వెళ్ళిన రోజు నాలుగు మీటర్ల అవతల ఏముందో తెలీలేదు. ఓడ ఎలా ఉంటుందో ముట్టుకోకుండా రుచి చూడ్డానికి ఓకే, అక్కడ చూసి డైవింగ్ అంటే ఇంతేనా అని మాత్రం అనుకోకండి.

హేవ్‌లాక్, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, 2018 చివర్లో పేరు మార్చారు, డైవర్లంతా ఇంకా హేవ్‌లాక్ అనే అంటారు. బెజవాడ నుంచి చెన్నై రైల్లో వెళ్ళి అక్కణ్ణుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) ఫ్లైట్ రెండు గంటల పైచిలుకు, తర్వాత ఫెర్రీ. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, నేర్పేవాళ్ళలో మన భాష కాకపోయినా హిందీ, తమిళం వచ్చినవాళ్ళు దొరుకుతారు, నీళ్ళు తేట. కోర్సు చెయ్యడానికి నేను ఇంతకంటే మంచి చోటు చెప్పలేను. నెమో రీఫ్ లాంటి చోట్ల బీచ్ నుంచి నడుచుకుంటూనే దిగొచ్చు, తర్వాత చెయ్యి తిరిగాక జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి లోతు చోట్లు ఉన్నాయి. ఓడలూ ఉన్నాయి, మార్స్ అని, ఇంచ్‌కెట్ అని అక్కడివాళ్ళు చెప్తారు, కానీ ఓడల కోసమే హేవ్‌లాక్ వెళ్ళడం అంటే బిర్యానీ హోటల్‌కి వెళ్ళి ఇడ్లీ ఆర్డర్ చెయ్యడం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నిద్రపోతున్నట్టుంటుంది. మే మూడో వారానికల్లా అక్కడ వానలు మొదలైపోతాయి, మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే పడతాయి, అదే చిక్కు.

ఒక నిజం కూడా చెప్పాలి, పాత ఫొటోల్లో ఉన్న రంగులు ఇప్పుడు అన్నిచోట్లా లేవు. 2010లో, మళ్ళీ 2016లో నీళ్ళు వేడెక్కి అండమాన్‌లో పగడాలు బాగా తెల్లబడ్డాయి, 2024లో అయితే ప్రపంచమంతా అదే కథ. లోపలుండే ఆల్గే (కంటికి కనపడనంత సన్న నాచు) వెళ్ళిపోతే పగడం రంగు పోతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. చేపలు ఇంకా దండిగా ఉన్నాయి, కానీ పగడాల తోట అనే ఊహతో వెళ్తే కొన్నిచోట్ల బూడిదరంగు కొమ్మలే కనపడతాయి. ఈ ఒక్క విషయంలో ఓడలకి మార్కులెక్కువ, ఇనుముకి వేడి లెక్కలేదు కదా.

ఇక ఓడలంటే శ్రీలంక. ఆ దీవికి ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే ఒకవైపు సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఇంకోవైపు బావుంటుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నైరుతి వైపు, అంటే కొలంబో, హిక్కడువ. మే నుంచి సెప్టెంబర్ దాకా తూర్పు వైపు, అంటే ట్రింకోమలి, బట్టికలోవా. మన వేసవి సెలవులకి తూర్పు తీరం అతికినట్టు సరిపోతుంది. చాలామంది జూన్‌లో హిక్కడువ హోటల్ చవగ్గా వచ్చిందని బుక్ చేసుకుంటారు, ఎందుకు చవగ్గా వచ్చిందో అక్కడ అలలు చూశాక అర్థమవుతుంది.

తూర్పు తీరంలో ఓడల కథ మనకి కాస్త దగ్గరిదే. 1942 ఏప్రిల్ 6న జపాన్‌వాళ్ళు వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేశారని మన పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు కదా, అదే దాడుల వరసలో మూడు రోజులకి, ఏప్రిల్ 9న, బట్టికలోవా దగ్గర బ్రిటిష్‌వాళ్ళ విమాన వాహక నౌక హెర్మిస్‌ని ముంచేశారు, 307 మంది చనిపోయారు. అది 50 మీటర్ల కింద ఉంది, నాకూ మీకూ కాదు, టెక్నికల్ డైవింగ్, అంటే అంత లోతుకి విడిగా ట్రైనింగ్ తీసుకుని చేసేవాళ్ళకి. కానీ అదే రోజు మునిగిన బ్రిటిష్ సార్జంట్ అనే ట్యాంకర్ 24 మీటర్ల దగ్గరుంది, అడ్వాన్స్‌డ్ ఉంటే చూడొచ్చు. నేను చూసినవాటిలో అదే నంబర్ వన్. మా తాతయ్య వైజాగ్‌లో ఆ సైరన్ విని ఊరొదిలి వెళ్ళిన కథ చిన్నప్పుడు వందసార్లు విన్నా, ఆ ఇనప గోడ ముందు తేలుతుంటే అదే గుర్తొచ్చి మాస్క్‌లో నీళ్ళొచ్చాయి, లీకేజీ కాదు.

ఇంట్లోవాళ్ళని కూడా తీసుకెళ్ళాలంటే ట్రింకోమలికి మించింది లేదు. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది శాంకరీదేవి అక్కడే, కోనేశ్వరం గుడి కొండ అంచున ఉంటుంది, మా అమ్మ ఆ ఒక్క ముక్కతో పాస్‌పోర్ట్ అప్లై చేసింది. ఆ పాత గుడిని 1620ల్లో పోర్చుగీసువాళ్ళు పడగొట్టి సముద్రంలోకి తోసేశారు, 1956లో డైవర్లు ఆ శిథిలాలు నీళ్ళ కింద చూశారు, ఇప్పటికీ ఆ కొండ కింద డైవ్ చేయిస్తారు. ఓడా కాదు పగడమూ కాదు, చెక్కిన స్తంభాల మధ్య చేపలు, పోలికకి లొంగని మూడో రకం. డైవ్ చెయ్యనివాళ్ళు నీలావెలి దగ్గర పిజియన్ ఐలాండ్‌కి పడవలో వెళ్ళి స్నార్కెలింగ్ చేసుకోవచ్చు, మా ఆయన నడుముల్లోతు నీళ్ళల్లో నుంచునే చిన్న సొరచేపని చూసి వచ్చి అందరికీ పెద్ద సొరచేప అని చెప్పుకుంటున్నారు. సెలవు రోజుల్లో మాత్రం అక్కడ జనం, పొద్దున్నే మొదటి పడవ ఎక్కండి.

డబ్బుల సంగతి, హేవ్‌లాక్‌లో నాకు ఓపెన్ వాటర్ కోర్సుకి 30,000కి కాస్త అటూ ఇటూ అయింది, మూడున్నర రోజులు. ఓడలకి దాని మీద అడ్వాన్స్‌డ్ ఖర్చు కలుస్తుంది, దూరం పడవ ఖర్చు కలుస్తుంది. పగడాలతో పోలిస్తే ఓడ చూడ్డం రెట్టింపు ఖర్చు అనుకోండి, తప్పు కాదు. కోర్సులో 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. కృష్ణలో చిన్నప్పటినుంచీ ఈదుతున్నాం అనేవాళ్ళకే ఎక్కువ కష్టం, చేతులు బాదే అలవాటు పోదు, స్కూబాలో చేతులకి పనేలేదు. వెళ్ళేముందు నెలరోజులు గాంధీనగర్ సర్ విజ్జీ పూల్‌కో, దగ్గర్లో ఏ పూల్‌కో వెళ్ళండి. ఆస్తమా, గుండె, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం లేకుండా ఫారమ్‌లో అన్నీ నో అని టిక్ కొట్టకండి. ఇంకో చిన్న విషయం, నీళ్ళ కింద బొటనవేలు పైకి చూపిస్తే సూపర్ అని కాదు, పైకి వెళ్దాం అని. నా మొదటి డైవ్‌లో తాబేలుని చూసి ఆనందం పట్టలేక బొటనవేలు ఊపా, ఇన్‌స్ట్రక్టర్ నన్ను పట్టుకుని పైకి తీసుకొచ్చేశాడు.

ఆడవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతులు: జడ గట్టిగా కిందకి అల్లుకోండి, పాయ ఒక్కటి మాస్క్ రబ్బరు కింద దూరినా నీళ్ళు కారుతూనే ఉంటాయి. మెట్టెలు తీసేయండి, ఫిన్ బూట్లలో నొక్కుకుని ఏడిపిస్తాయి. తాళి, గొలుసులు రూమ్‌లో పెట్టాల్సిందే, ఓడ దగ్గర రేకుకి తగులుకుంటే అంతే సంగతులు. మా అత్తగారికి నేను ఇది చెప్పలేదు, మీరూ చెప్పక్కర్లేదు.

తిరుగు ప్రయాణం ముందే లెక్కేసుకోండి. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, రోజూ చేస్తే చివరి డైవ్ తర్వాత 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు. శ్రీలంకలో ఇంకో బొక్క ఉంది, డైవ్ అయిపోగానే కారెక్కి సీతమ్మ గుడి చూద్దామని నువారా ఎలియా వెళ్తారు మనవాళ్ళు, అది 1,800 మీటర్లు దాటిన ఎత్తు, శరీరానికి అదీ విమానం లాంటిదే. కొండలు ముందు, సముద్రం తర్వాత పెట్టుకోండి, ఆఖరి రోజు గుడికో షాపింగ్‌కో ఉంచండి.

కాబట్టి ఒక్క డైవూ చెయ్యనివాళ్ళు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య సెలవుంటే హేవ్‌లాక్, పగడాలు, ఇంకో ఆలోచన వద్దు. కోర్సు అయిపోయి పదిహేను ఇరవై డైవ్‌లు దాటినవాళ్ళకి ఓడలు, చలికాలమైతే హిక్కడువ కాంచ్, వేసవైతే అడ్వాన్స్‌డ్ చేసి బ్రిటిష్ సార్జంట్. జీవితంలో ఒక్కసారే, కోర్సు గీర్సు వద్దు అనేవాళ్ళు ట్రయల్ డైవ్‌తో పగడాలే చూడండి, ఆ డబ్బుకి గోవాలో మసక ఓడ చూసేకంటే అదే నయం. డబ్బులు మిగిలితే కెమెరా కాదు, మీ మొహానికి సరిపోయే సొంత మాస్క్ కొనుక్కోండి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చెయ్యి తీసేస్తే పట్టీ లేకుండానే మొహానికి అతుక్కుని నిలబడాలి.

మా కుర్రాళ్ళు ఇదంతా విని ఓడ రీల్ డిలీట్ చేసి ఫిబ్రవరికి చెన్నై రైలు టికెట్లు తీశారు. ఇప్పుడు పొద్దున్నే పూల్‌కి వెళ్తున్నారు, ఒకడు పది నిమిషాలు తేలుతున్నాడట, రెండోవాడు ఇంకా నాలుగు దగ్గరే ఉన్నాడు.